మంచం పక్కన గడిచిన గంటకు మీ ఫారంలో గడి ఏది?

నర్సింగ్ విద్యాసంస్థలకు అనుమతులిచ్చే మండళ్లకు, గుర్తింపు సంఘాలకు, వాటి తరఫున తనిఖీకి వచ్చే బృందాలకు

నమస్కారం.

తనిఖీ రోజు కళాశాల ఎలా ఉంటుందో మీకు తెలుసు, మాకు ఇంకా బాగా తెలుసు. స్కిల్ ల్యాబులో శిక్షణ బొమ్మల మీది ప్లాస్టిక్ కవర్లు ఆ ఉదయమే ఊడతాయి. ఏడాదంతా తాళం వేసి ఉండే పోషకాహార ల్యాబులో స్టవ్ వెలుగుతుంటుంది. అధ్యాపకుల హాజరు పట్టీలో ఒక్క ఖాళీ కూడా ఉండదు. మీ చేతిలోని ఫారంలో గదుల వైశాల్యానికి గడి ఉంది. కుర్చీలకు, పుస్తకాలకు, కంప్యూటర్లకు, ఒప్పంద పత్రాల నకళ్లకు ఉంది. ఒక విద్యార్థి రోగి మంచం పక్కన నిలబడి, అనుభవమున్న నర్సు చూస్తుండగా పని నేర్చుకున్న గంటకు మాత్రం గడి లేదు. ఉన్నచోట కూడా 'క్లినికల్ గంటలు పూర్తయినవి: అవును / కాదు' అన్నంతవరకే. 'కాదు' అని టిక్కు పెట్టిన కళాశాల ఎక్కడైనా ఉంటే చూడాలని ఉంది.

ఈ లేఖ రాస్తున్నది నర్సింగ్ బోధకులం, వార్డుల్లో విద్యార్థులను పర్యవేక్షించేవాళ్లం, మీకు పంపే స్వీయ మదింపు నివేదికలు తయారుచేసేవాళ్లం. మా విన్నపం ఒక్కటే. కొలమానంగా భవనాన్ని కాస్త పక్కన పెట్టి ఆ గంటను పెట్టండి. సీట్ల పెంపు దగ్గర్నుంచి దొంగ సర్టిఫికెట్ల దాకా మీ బల్ల మీదికి వచ్చే చిక్కుల్లో చాలావాటికి మూలం ఆ గంటను సరిగ్గా లెక్కపెట్టకపోవడమే.

చట్టాలు గంటల సంగతి పట్టించుకోలేదని మేము అనడం లేదు. యూరోపియన్ యూనియన్ 2005లో తెచ్చిన వృత్తి అర్హతల ఆదేశం ప్రకారం నర్సు శిక్షణకు కనీసం 3 ఏళ్లు, 4,600 గంటలు ఉండాలి. అందులో కనీసం సగం క్లినికల్ శిక్షణ, కనీసం మూడో వంతు థియరీ. క్లినికల్ శిక్షణ అంటే ఏమిటో కూడా అందులోనే ఉంది: బృందంలో ఒకరిగా, ఆరోగ్యంగా ఉన్నా జబ్బుతో ఉన్నా మనిషికి ఎదురుగా ఉండి, ఆ మనిషికి కావలసిన సేవను ఏర్పాటు చేయడం, అందించడం, ఫలితం బేరీజు వేయడం నేర్చుకోవాలి. బ్రిటన్ ఆ 4,600ను థియరీకి 2,300, ప్రాక్టీసుకు 2,300గా పంచింది.

ఈ నిర్వచనాన్ని చేతిలో పట్టుకుని వార్డులో ఒక షిఫ్టు చూడండి. హాజరు వేయించుకోవడానికి, ఎవరు ఏ మంచానికో పంచుకోవడానికి కొంత సమయం పోతుంది. నర్సుల స్టేషన్ చుట్టూ గుంపుగా నిలబడి కేస్ షీట్ ఎత్తిరాసుకోవడానికి కొంత. ల్యాబుకు శాంపిళ్లు మోయడానికి, ఫార్మసీ నుంచి ఇండెంట్ (వార్డు రాసి పంపిన మందులు, సామగ్రి) తేవడానికి, దుప్పట్లు లెక్కపెట్టడానికి ఇంకొంత. చివరికి మనిషికి ఎదురుగా గడిచింది గంటన్నరే అయినా రిజిస్టరులో పడేది 6 గంటలు. ఇది కొత్త జబ్బేమీ కాదు. అమెరికాలో 1923లో వెలువడిన గోల్డ్‌మార్క్ నివేదిక కూడా ఇదే పట్టుకుంది. విద్యార్థి సమయాన్ని ఆసుపత్రి అవసరం నిర్ణయిస్తోందని, చదువు అవసరం వెనక్కి పోతోందని అప్పుడే తేల్చింది. వందేళ్లు దాటినా జీతంలేని చేతులను వార్డు తనకు కావలసినట్టు వాడుకుంటూనే ఉంది, రిజిస్టరు దాన్ని చదువుగానే రాసుకుంటూ ఉంది.

ఇప్పుడు మంచాల లెక్కకు వద్దాం. ఉదాహరణకు 120 పడకల ఆసుపత్రి అనుకోండి. 75 శాతం నిండి ఉంటే 90 మంది రోగులు. విద్యార్థికి ముగ్గురు రోగుల చొప్పున వేసుకుంటే షిఫ్టుకు 30 మందికి చోటు. ఆ రోజు ఇంటికి వెళ్లేవాళ్లు, ఆపరేషన్ థియేటర్‌కు వెళ్లేవాళ్లు, 'నాకు విద్యార్థి వద్దు' అనే హక్కును వాడుకునేవాళ్లు పోతే 25 మిగులుతాయి. ఏడాదికి 60 మంది చొప్పున నాలుగేళ్ల కోర్సు నడిపే కళాశాలలో 240 మంది ఉంటారు. ఏ వారమైనా సగం మంది వార్డు పోస్టింగ్‌లో ఉంటే 120 మంది. రెండు షిఫ్టులకు పంచినా షిఫ్టుకు 60. అంటే ఒక్క కళాశాలకే ఆ ఆసుపత్రి చాలదు. మూడు కళాశాలలు అదే ఆసుపత్రిని తమ అనుబంధ ఆసుపత్రిగా చూపిస్తే 25 చోట్లకు 180 మంది. ఏ కళాశాల ఫైలు దానికదిగా చూస్తే లోపం కనబడదు. ఒప్పంద పత్రం ఉంటుంది, ముద్ర ఉంటుంది, పడకల సంఖ్య నిజమే అయి ఉంటుంది. మూడు ఫైళ్లూ ఒకే బల్ల మీద పరిస్తేనే మోసం బయటపడుతుంది. ఆ బల్ల ఉన్నది మీ దగ్గరే.

కాబట్టి అనుమతి పత్రంలో పడకల సంఖ్య రాయడం మానండి. ఒక వార్డు, ఒక షిఫ్టు, ఒక విద్యార్థి: దీన్ని ఒక చోటుగా లెక్కించి, ప్రతి ఆసుపత్రిలో విభాగాల వారీగా ఎన్ని చోట్లున్నాయో, అవి ఏ కళాశాలకు ఏ వారాల్లో కేటాయించారో అందరికీ కనబడేలా ఒకే రిజిస్టరు పెట్టండి. సీట్లను మొత్తం పడకలను బట్టి ఇవ్వకండి. అన్నింటికంటే ఇరుకైన విభాగం ఎందరిని మోయగలదో అన్నే ఇవ్వండి. మెడికల్, సర్జికల్ వార్డుల్లో చోటు ఎప్పుడూ దొరుకుతుంది. పిల్లల వార్డు, ప్రసవ గది, మానసిక ఆరోగ్య విభాగం దగ్గరే గొంతు బిగుసుకుంటుంది. 300 పడకల ఆసుపత్రిలో కూడా ప్రసవ బల్లలు నాలుగే ఉండొచ్చు.

ప్రసవాల లెక్క ఇంకా కుండబద్దలు కొట్టినట్టు ఉంటుంది. మిడ్‌వైఫ్ శిక్షణలో విద్యార్థి స్వయంగా కనీసం 40 ప్రసవాలు చేయాలని యూరోపియన్ ఆదేశం. ప్రసవాలు చాలనప్పుడు 30కి తగ్గించుకోవచ్చు, కానీ మరో 20 ప్రసవాల్లో సహాయపడి ఉండాలి. ఆ 40నే ప్రమాణంగా పెట్టుకుంటే 60 మంది విద్యార్థులకు 2,400 ప్రసవాలు కావాలి. నెలకు 100 ప్రసవాలయ్యే ఆసుపత్రిలో ఏడాదికి 1,200. అందులో మూడో వంతు సిజేరియన్లు అనుకుంటే 800 సహజ ప్రసవాలు. వాటి కోసం డాక్టరు విద్యార్థులు కూడా అదే గదిలో నిలబడి ఉంటారు. ఎలా చూసినా లెక్క కుదరదు. అయినా ఏడాది చివర, విద్యార్థులు తాము చేసిన పనులు నమోదు చేసే 60 లాగ్‌బుక్కులూ నిండి ఉంటాయి.

వాటిని పరీక్షించడం చాలా తేలిక. లాగ్‌బుక్కులో విద్యార్థి ప్రతి ప్రసవానికి ఎదురుగా ప్రసవ గది రిజిస్టరులోని వరుస సంఖ్య రాయాలని నియమం పెట్టండి. తల్లి పేరు అక్కర్లేదు, ఆమె గోప్యత ఆమెకే ఉంటుంది. తనిఖీ రోజు పది లాగ్‌బుక్కులు తీసి ఆ సంఖ్యలను వరుసగా రాసుకోండి. ఒకే సంఖ్య నాలుగు పుస్తకాల్లో 'స్వయంగా చేశాను' అన్న చోట కనిపిస్తే మీకు ఇంకేమీ అడగాల్సిన పని ఉండదు. మిగతా ప్రొసీజర్లకూ కొన్ని గుర్తులున్నాయి. నెల రోజుల సంతకాలు ఒకే పెన్నుతో, ఒకే వాలుతో ఉండటం. సంతకం చేసిన నర్సు ఆ తేదీన సెలవులో ఉన్నట్టు డ్యూటీ రోస్టరు చెప్పడం. క్యాథెటర్ (మూత్రపు గొట్టం) వేసినట్టు రాసిన రోజున ఆ వార్డు ఇండెంట్‌లో ఒక్క క్యాథెటర్ కూడా వాడినట్టు లేకపోవడం. ఈ మూడూ చూడటానికి ఒక పూట చాలు. కళాశాల ఇచ్చే రోస్టరు తీసుకోకండి, ఆసుపత్రి నర్సింగ్ సూపరింటెండెంట్ దగ్గరున్నది అడగండి.

గంట నిజంగా గడిచినా అందులో ఏమి జరిగిందన్నది వేరే ప్రశ్న. ఒక ఉదాహరణ. పొట్ట ఆపరేషన్ అయిన మరుసటి రోజు, 60 కిలోల రోగి. నాడి ఉదయం 88, రెండు గంటలకు 104, నాలుగు గంటలకు 116. బీపీ ఇంకా మామూలుగానే ఉంది. మూత్రం గంటకు 45 మిల్లీలీటర్ల నుంచి 20కి పడిపోయింది. పెద్దవాళ్లలో కిలోకు గంటకు అర మిల్లీలీటరు కంటే తగ్గకూడదన్నది వార్డులో అందరూ పాటించే హద్దు, అంటే ఈ రోగికి 30. ఇన్‌టేక్ అవుట్‌పుట్ చార్టులో, అంటే ఒంట్లోకి వెళ్లిన, బయటికి వచ్చిన ద్రవాల పట్టీలో, విద్యార్థి ఈ అంకెలన్నీ చక్కగా రాసింది. లాగ్‌బుక్కులో 'వైటల్ సైన్స్ (నాడి, బీపీ లాంటివి): పూర్తి' అని సంతకమూ పడింది. కానీ ఈ అంకెలు కలిసి ఏమి చెబుతున్నాయో ఆమె గమనించిందా? లోపల రక్తం పోతోందా, ద్రవం చాలలేదా, క్యాథెటర్ గొట్టం మడతపడిందా అని ఆలోచించిందా? ముందు గొట్టం చూసి, డ్రెస్సింగు చూసి, తర్వాత ఎవరికి, ఏ మాటల్లో చెప్పింది? బీపీ పడిపోయేదాకా ఆగకుండా చెప్పిందా? నర్సింగ్ అంటే ఈ ప్రశ్నలే. సంతకం పడ్డ చోట వీటి జాడే లేదు.

అమెరికా నర్సు లైసెన్సు పరీక్షను 2023 ఏప్రిల్‌లో మార్చింది కూడా ఇందుకే. సూచనలను గుర్తించడం, వాటిని విశ్లేషించడం, ఏది ముందో తేల్చడం, మార్గాలు ఆలోచించడం, చర్య తీసుకోవడం, ఫలితం చూడటం అనే ఆరు మెట్లుగా నిర్ణయశక్తిని విడదీసి పరీక్షిస్తున్నారు. పరీక్ష మారింది, బాగానే ఉంది. కానీ ఆరు మెట్లనూ వార్డులో ఎక్కించేదెవరు?

ఇక్కడే ప్రిసెప్టర్, అంటే వార్డులో పక్కనుండి విద్యార్థికి నేర్పే నర్సు, మాట వస్తుంది. కళాశాల ట్యూటరు రెండు వార్డుల మధ్య తిరుగుతుంటే విద్యార్థి పక్కన నిజంగా ఉండేది స్టాఫ్ నర్సు. ఆమెకు ఆ పూట 12 మంది రోగులు, వాళ్ల మందులు, అడ్మిషన్లు, డిశ్చార్జీలు. పైగా ఇద్దరు విద్యార్థులు. నేర్పినందుకు పని తగ్గదు, పైసా పెరగదు, పదోన్నతిలో లెక్కలోకి రాదు. నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం 2014లో ప్రచురించిన అధ్యయనాన్ని మండళ్లు తరచుగా ఉటంకిస్తుంటాయి. తొమ్మిది యూరప్ దేశాల్లో 300 ఆసుపత్రులు, 4,22,730 మంది శస్త్రచికిత్స రోగులు. డిగ్రీ ఉన్న నర్సుల వాటా 10 శాతం పెరిగినచోట 30 రోజుల్లో మరణించే అవకాశం 7 శాతం తక్కువగా కనిపించింది. డిగ్రీ సీట్లు పెంచాలనడానికి ఈ సగం వాడతారు. నర్సు మీద ఒక్క రోగి భారం పెరిగితే మరణావకాశం 7 శాతం పెరిగిందన్న రెండో సగం అదే పేజీలో ఉంది, దాన్ని మాత్రం వదిలేస్తారు. ఆ భారం కింద ఉన్న నర్సు చేతికే మనం విద్యార్థిని అప్పగిస్తున్నాం.

కాబట్టి మీ ప్రమాణాల్లో ప్రిసెప్టర్‌కు పేరు, లెక్క, సమయం ఉండాలి. ఒక షిఫ్టులో ఒక ప్రిసెప్టర్‌కు ఇద్దరికి మించి విద్యార్థులు ఉండకూడదు. విద్యార్థి ఉన్న పూట ఆమెకు రోగుల సంఖ్య తగ్గించాలి. నేర్పడంలో ముందుగా శిక్షణ ఇవ్వాలి. విద్యార్థిని పంపినందుకు కళాశాల ఆసుపత్రికి చెల్లించే రుసుములో కొంత ఆమెకు చేరినట్టు రుజువు కావాలి. ఆ రుసుము ఎక్కడికి పోతోందో మీరు ఎప్పుడూ అడగలేదు.

నేర్పేవాళ్లే పాస్ చేయాలన్న ఏర్పాటులో ఇంకో ఇబ్బంది ఉంది. స్కాట్లండ్‌లో పరిశోధకురాలు కాథ్లీన్ డఫీ 2003లో చేసిన అధ్యయనం వార్డు మెంటార్లు బలహీనమైన విద్యార్థులను ఫెయిల్ చేయలేకపోవడాన్ని పరిశీలించింది. కారణాలు మనకూ తెలిసినవే. ఇబ్బందిని మొదటి వారంలో రాసిపెట్టరు, చివరి వారంలో చెబితే కళాశాల ఒప్పుకోదు, మొదటి ఏడాది కదా నేర్చుకుంటుందిలే అని వదిలేస్తారు, చివరి ఏడాదికి వచ్చేసరికి ఇంతదాకా వచ్చింది కదా అని జాలిపడతారు. బ్రిటన్ 2018లో పాత మెంటార్ పద్ధతిని తీసేసి, రోజువారీగా నేర్పే పర్యవేక్షకులను, ప్రాక్టీసు మదింపు చేసేవాళ్లను, కళాశాల తరఫున మదింపు చేసేవాళ్లను వేరు చేసింది. నేర్పిన చేతికి మార్కులు వేసే భారం లేకుండా చేయడం మంచి పద్ధతి. కానీ కాగితం మీద మూడు పాత్రలు రాసి ముగ్గురూ ఒకరే అయితే ఫలితం ఉండదు. పోస్టింగ్ సగంలో ఒక తప్పనిసరి మదింపు, లోపం ఉంటే రాతపూర్వకంగా రెండు వారాల దిద్దుబాటు ప్రణాళిక, ఆ తర్వాతే చివరి నిర్ణయం. ఈ క్రమం లేకుండా ఇచ్చిన 'పాస్' చెల్లదని మీరు రాయండి.

సిమ్యులేషన్ గురించి, అంటే నిజమైన రోగి బదులు బొమ్మతోనో నటనతోనో వార్డు సన్నివేశం నడిపి నేర్పడం గురించి, కాస్త గట్టిగానే మాట్లాడాలి, ఎందుకంటే వార్డుల్లో చోటు లేదనగానే అందరూ దాని వైపు పరుగెడుతున్నారు. అమెరికా నర్సింగ్ బోర్డుల జాతీయ మండలి 2014లో ప్రచురించిన అధ్యయనంలో 10 విద్యాసంస్థల విద్యార్థులను మూడు గుంపులు చేసి, క్లినికల్ గంటల్లో 10 శాతం లోపు, 25 శాతం, 50 శాతం సిమ్యులేషన్‌తో నింపారు. కోర్సు చివర జ్ఞానంలోనూ నైపుణ్యంలోనూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 'సగం దాకా మార్చుకోవచ్చట' అన్న ఒక్క ముక్క ప్రపంచమంతా తిరిగింది. సిమ్యులేషన్ నడిపిన అధ్యాపకులకు ప్రత్యేక శిక్షణ ఇచ్చారని, డీబ్రీఫింగ్ (సన్నివేశం అయ్యాక కూర్చుని చేసే చర్చ) ఒక పద్ధతి ప్రకారం చేశారని, చాలినంత మంది, చాలినన్ని పరికరాలు ఉన్నాయని మాత్రం వెంట తిరగలేదు. బ్రిటన్ తన 2,300 ప్రాక్టీసు గంటల్లో 600 దాకానే ఒప్పుకుంది.

కళాశాలల్లో సాధారణంగా జరిగేది వేరు. బొమ్మ చేతికి ఇంజక్షన్ ఇవ్వడాన్ని సిమ్యులేషన్ అంటారు. అది నైపుణ్య సాధన, అవసరమే, కానీ వార్డు గంటకు బదులు కాదు. 25 మంది చుట్టూ నిలబడి చూస్తుంటే ఒకరు చేస్తారు, 26 మందికీ గంటలు పడతాయి. చర్చకు సమయం చాలక 'బాగా చేశారు' అని ముగిస్తారు. 15 నిమిషాల సన్నివేశానికి 30 నిమిషాల డీబ్రీఫింగ్ ఉండాలి, నేర్చుకునేది ఎక్కువగా అక్కడే. గుంపు నలుగురైదుగురికి మించకూడదు. ముందు కొంతసేపు గదిని, పరికరాలను, ఆ బొమ్మ ఏమి చేయగలదో ఏమి చేయలేదో చూపాలి. లేకపోతే విద్యార్థి శ్వాస శబ్దం వినబడలేదని కంగారుపడి అసలు సంగతి వదిలేస్తుంది. తనిఖీకి వచ్చినప్పుడు బొమ్మ ధర అడగకండి. గత నెల ఒక సన్నివేశం రాతప్రతి, అది నడిపిన అధ్యాపకురాలి శిక్షణ పత్రం, డీబ్రీఫింగ్ నోట్సు అడగండి. అవి లేకుంటే ఆ గంటలు కొట్టేయండి. ప్రసవంలో నొప్పితో అరిచే తల్లి చేయి పట్టుకోవడం, చనిపోయిన మనిషి పక్కన కుటుంబంతో నిలబడటం బొమ్మ నేర్పదు.

అధ్యాపకుల సంగతి తొందరగా ముగిస్తాం, అది అందరికీ తెలిసిన రహస్యం కనుక. ఒకే మనిషి రెండు కళాశాలల జాబితాల్లో ఉండటం పట్టుకోవడానికి వేలిముద్ర యంత్రాలు చాలవు, వేలిముద్ర వేసి వెళ్లిపోతారు. నర్సు రిజిస్ట్రేషన్ నంబరుతో అన్ని కళాశాలల జాబితాలను కలిపి చూడండి, సగం పని అయిపోతుంది. మిగతా సగానికి మూడో ఏడాది విద్యార్థులు ముగ్గుర్ని విడివిడిగా పిలిచి, 'పోయిన మంగళవారం వార్డులో మీ పక్కన ఎవరున్నారు?' అని అడగండి. మూడు జవాబులూ ఒకటే రావాలి. ఉన్న అధ్యాపకుల్లో కూడా పదేళ్లుగా రోగిని ముట్టుకోనివాళ్లు ఉన్నారు. వాళ్లు నేర్పే పద్ధతులు పాత పుస్తకంలోవి, వార్డులో మందులెక్కించడానికి వాడే పంపులు వేరు. ఏడాదికి కొన్ని వారాలు వార్డులో పనిచేయడం అధ్యాపక అర్హతలో భాగం చేయండి, ఆ రోజులకు జీతం కోసేయకుండా చూడండి.

ఉత్తీర్ణత శాతాన్ని ప్రమాణంగా పెట్టుకునేటప్పుడు ఒక జాగ్రత్త. 60 మంది చేరారు. 20 మందిని రకరకాల పేర్లతో ఆపారు లేదా మానిపించారు. 40 మంది లైసెన్సు పరీక్ష రాశారు, 36 మంది గట్టెక్కారు. కళాశాల బోర్డు మీద 90 శాతం అని పడుతుంది. చేరినవాళ్లలో చూస్తే 60. శాతం మీద గుర్తింపు ఆధారపడిందనగానే బలహీనమైన విద్యార్థికి నేర్పడం కంటే ఆమెను పరీక్షకు దూరంగా ఉంచడం చవక అవుతుంది. చేరిన బ్యాచ్ మీద లెక్కించండి, మానేసినవారి సంఖ్యను పక్కనే వేయించండి.

పరీక్ష ఒక్కటే కాపలా కాయలేదని 2023 జనవరిలో ఫ్లోరిడా కేసు చూపింది. మూడు నర్సింగ్ పాఠశాలల పేర్లతో 7,600కు పైగా దొంగ డిప్లొమాలు, మార్కుల పత్రాలు అమ్మారని అమెరికా అధికారులు బయటపెట్టారు. కొన్నవాళ్లలో కొందరు లైసెన్సు పరీక్ష పాసై ఉద్యోగాల్లో చేరారు కూడా. కోర్సు వార్డు గంటలు పూర్తి చేయకుండానే ప్రశ్నలకు జవాబులు రాయవచ్చని దీన్నిబట్టి తేలింది. గంటల రికార్డు కళాశాల అల్మారాలో కాకుండా ప్రతి సెమిస్టరు చివర మండలి దగ్గర జమ అయి ఉంటే, ఎన్నడూ వార్డులో కనిపించని మనిషికి మార్కుల పత్రం పుట్టించడం ఇంత సులువు అయ్యేది కాదు. కళాశాల మూతపడినా విద్యార్థి గంటలు గాలిలో కలిసిపోవు, మరోచోట చేరి మిగతావి పూర్తి చేసుకోవచ్చు. గుర్తింపు రద్దు చేసే ఉత్తర్వులోనే ఆ విద్యార్థులు ఎక్కడికి వెళ్లాలో రాసి ఉండాలి. ఇప్పుడు ఆ శిక్ష యాజమాన్యానికంటే ముందు విద్యార్థులకు పడుతోంది.

తనిఖీదారుల గురించి కూడా చెప్పాలి. మధ్యప్రదేశ్‌లో హైకోర్టు ఆదేశంతో నర్సింగ్ కళాశాలల యోగ్యతను తేల్చడానికి వెళ్లిన దర్యాప్తు అధికారుల్లోనే కొందరు, అనుకూల నివేదికల కోసం లంచాలు తీసుకున్నారన్న ఆరోపణతో 2024 మేలో అరెస్టయ్యారు. తనిఖీ మీద తనిఖీ పెట్టినా తలుపు అదే అయితే దొంగదారీ అదే. భారతదేశం 2023లో పాత 1947 చట్టం స్థానంలో తెచ్చిన జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం ప్రమాణాలు రూపొందించే బోర్డులను, మదింపు, రేటింగ్ బోర్డును, నైతికత, రిజిస్ట్రేషన్ బోర్డును వేరు చేసింది. ఆ విభజన సరైన ఆలోచన. అది బోర్డు పేర్ల దగ్గర ఆగకుండా తనిఖీ గది దాకా రావాలి.

ఆసుపత్రుల గుర్తింపులో ట్రేసర్ పద్ధతి ఎప్పటినుంచో ఉంది. ఒక రోగిని ఎంచుకుని, చేరినప్పటి నుంచి అతని దారి వెంట నడుచుకుంటూ వెళ్తారు. దాన్నే విద్యార్థికి వాడండి. నోటీసు లేకుండా రండి. కళాశాలకు వెళ్లకండి, ఉదయం షిఫ్టు మారే వేళకు వార్డుకు వెళ్లండి. రోస్టరు నుంచి చీటీ తీసి ఐదుగురు విద్యార్థుల్ని ఎంచుకోండి. ఒక్కొక్కరిని వాళ్ల రోగి మంచం దగ్గరికి తీసుకెళ్లి, ఈ రోగికి ఈ రోజు ఏది ముఖ్యం, ఎందుకు అని అడగండి. ప్రిసెప్టర్‌తో పది నిమిషాలు మాట్లాడండి. లాగ్‌బుక్కు, రోస్టరు, వార్డు రిజిస్టరు మూడూ పక్కపక్కన పెట్టండి. చివరగా, సమయం మిగిలితే, కళాశాలకు వెళ్లి గదులు కొలవండి. ఆ బృందంలో ఒకరైనా ప్రస్తుతం వార్డులో పనిచేస్తున్న నర్సు ఉండాలి. నివేదిక నెల రోజుల్లో అందరికీ కనబడేలా పెట్టండి, కళాశాల జవాబుతో సహా.

మీ చేతిలో ఉన్న ఆయుధాలు రెండే: గుర్తింపు ఇవ్వడం, తీసేయడం. రెండోది వాడటానికి ఎవరికీ చేయి రాదు, వందలాది విద్యార్థుల బతుకు కనబడుతుంది. అందుకే లోపాలు చూసీ చూడనట్టు పోతుంటాయి. మధ్యలో మెట్లు పెట్టండి. ఒక ఏడాది సీట్లు సగానికి తగ్గించడం, కొత్త ప్రవేశాలు ఆపి పాతవాళ్లను పూర్తి చేయించడం, ఆరు నెలలకోసారి చెప్పకుండా వార్డు తనిఖీ. చిన్న శిక్ష ఉంటే దాన్ని వాడతారు.

ఇక ఒకే సమాచారాన్ని విశ్వవిద్యాలయానికి ఒక ఫారంలో, మండలికి మరో ఫారంలో, గుర్తింపు సంఘానికి ఇంకో ఫారంలో నింపించే తంతు ఆపండి. దాన్ని నింపేది వార్డులో ఉండాల్సిన అధ్యాపకులే.

ప్రపంచంలో 2023 నాటికి 58 లక్షల మంది నర్సుల కొరత ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో చెప్పింది. సీట్లు పెంచమని మీ మీద ఒత్తిడి ఉంటుందని మాకు తెలుసు. పెంచండి, చోట్ల రిజిస్టరు చూసి పెంచండి.

అన్నీ ఒకేసారి చేయమనడం లేదు. వచ్చే సెమిస్టరుకు ప్రసవ గదితో మొదలుపెట్టండి. అక్కడ కళాశాల చేయి పడని రిజిస్టరు ముందే ఉంది కనుక పరీక్షించడం తేలిక. మీ ఫారంలో అర పేజీ మాకివ్వండి. విద్యార్థి, వార్డు, షిఫ్టు, చూసిన రోగుల సంఖ్య, ప్రసవ రిజిస్టరు వరుస సంఖ్య, పక్కనున్న నర్సు రిజిస్ట్రేషన్ నంబరు, ఆ పూట ఆ విద్యార్థి తనంతట తాను గమనించి చెప్పిన ఒక్క విషయం. ఏడు గడులు. ఏడోది నింపడం కష్టమని కళాశాలలు మీకు ఫోన్లు చేస్తాయి. ఆ గడి మాత్రం తీసేయకండి.

ఇట్లు,
నర్సింగ్ అధ్యాపకులు, క్లినికల్ ఇన్‌స్ట్రక్టర్లు, వార్డు ప్రిసెప్టర్లు